గుట్టలెక్కేవాళ్ళు ఏం చదువుతారు?



జగిత్యాల నుంచి ఉత్తరంగా బయలుదేరి సారంగాపూర్ వైపు పోతుంటే, వరిమళ్ళూ మామిడితోటలూ దాటిన తరువాత గుట్టలు కనిపిస్తాయి. అవి మేఘాలను తాకే గుట్టలు కావు. అయినా వాటికి వాటి అందం ఉన్నది. శివరాత్రి ముందూ వెనుకా మోదుగుచెట్లు ఆకులన్నీ రాల్చి ఎర్రని పూలతో నిండిపోతాయి. ఎండలు ముదిరితే తునికాకు కోతకు వస్తుంది. వానాకాలం పోయి బతుకమ్మ పండుగ దగ్గరపడేసరికి సీతాఫలాలు కన్ను విప్పుతాయి. ఇంకా ముందుకు పోతే బీర్‌పూర్ గుట్టమీద నరసింహస్వామి గుడి, రొళ్ళవాగు చెరువు, ఆపైన గోదావరి. గోదావరి దాటి జన్నారం వైపు పోతే కవ్వాల అడవులు. ఆ అడవులను 2012లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు.

ఇటువంటి చోట పుట్టిన పిల్లలకు కాళ్ళు ఇంట్లో నిలుస్తాయా? నిలవవు. నిలవకూడదు కూడా!

నేను బడిలో పని చేసినన్నాళ్ళూ తల్లిదండ్రుల నోట ఒక మాట వింటూ వచ్చాను: "మావాడికి గుట్టలంటే బెల్లం, పుస్తకమంటే చేదు సార్!" అని. చదివే పిల్లలు వేరు, తిరిగే పిల్లలు వేరు అని వారి నమ్మకం. ఈ నమ్మకం ఎంతవరకు నిజమో ఇవాళ చూద్దాం. లోకంలో బాగా తిరిగినవాళ్ళూ, కొండలెక్కినవాళ్ళూ, అడవుల్లో పక్షుల వెంట పోయినవాళ్ళూ తీరిక దొరికినప్పుడు ఏం చేశారు? మే నెల మిట్టమధ్యాహ్నం గుట్టమీద రాయి కాలుతుంటుంది. ముసురు పట్టిన రోజున వాగు దాటటానికి వీలుండదు. అప్పుడు వాళ్ళు ఏం చేసేవాళ్ళు? చాలామంది పుస్తకం పట్టుకునేవాళ్ళు. అవి ఎటువంటి పుస్తకాలో చూద్దాం రండి.

మొదట చెప్పవలసినవి యాత్రల పుస్తకాలు. మనకంటే ముందు నడిచినవాడు ఏ దారిన పోయాడు, ఎక్కడ నీళ్ళు దొరికినవి, ఎక్కడ నది అడ్డు వచ్చింది అని తెలుసుకోవాలని తిరిగేవాడికి ఎప్పుడూ ఆశగా ఉంటుంది. మన తెలుగులో ఇటువంటి గొప్ప పుస్తకం ఒకటి ఉన్నది. దాని పేరు "కాశీయాత్ర చరిత్ర". రాసినవారు ఏనుగుల వీరాస్వామయ్యగారు. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒక భాషలో చెప్పినదాన్ని మరొక భాషలో వినిపించే ఉద్యోగి. 1830 మే 18న మద్రాసు నుంచి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరుకున్నారు. మన దేశంలో మొదటి ప్రయాణీకుల రైలు నడిచింది 1853లో. అంటే ఆయన పోయిన నాటికి రైలు లేదు, బస్సు లేదు, చేతిలో పటం కూడా సరైనది లేదు. మేనాలు మోసే బోయీలు, సామాను మోసేవారు, వంటవారు, బంధువులు అందరూ కలిసి సుమారు నూరుమంది కదిలారు.

ఆయన చేసిన మంచి పని ఏమిటంటే, ఏ రోజు ఏ ఊరు చేరారో, దారి ఎట్లా ఉన్నదో, మజిలీలో ఏవి దొరుకుతాయో, అక్కడి జనం ఎట్లా బతుకుతున్నారో రాసిపెట్టుకున్నారు. అవి తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు పంపుతూ వచ్చారు. వీరాస్వామయ్యగారు 1836లో పోయిన తరువాత, ఆ మిత్రుడే 1838లో దాన్ని అచ్చు వేయించారు.

మన ప్రాంతానికి కూడా దీనితో కొంచెం చుట్టరికం ఉన్నది. ఆయన హైదరాబాదు నుంచి నాగపూరు పోతూ నిర్మల్ మీదుగా పోయారు. నిర్మల్ మన జగిత్యాలకు వాయవ్యంగా, గోదావరికి అవతల ఉన్నది. ఈ పుస్తకం దొరికితే ఒక పటం పక్కన పెట్టుకుని చదవండి. ఊరి పేరు వచ్చినప్పుడల్లా పటం మీద వేలు పెట్టండి. మీరు గదిలోనే కూర్చుని ఉంటారు, మీ వేలు మాత్రం కాశీదాకా నడుస్తుంది!

మన కాలంలోనూ ఇటువంటివారు ఉన్నారు. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చిత్రకళ బోధించిన మాచవరపు ఆదినారాయణగారు కాలినడకన దేశంలో ఎన్నో చోట్లకు పోయి, "భ్రమణ కాంక్ష" అనే పుస్తకం రాశారు. మేనా లేకుండా, నూరుమంది లేకుండా, రెండు కాళ్ళతో తిరిగితే లోకం ఎట్లా కనిపిస్తుందో అందులో తెలుస్తుంది.

రెండో రకం, చూడటం నేర్పే పుస్తకాలు. "చూడటం కూడా నేర్చుకోవాలా? కళ్ళున్నాయి గదా!" అంటారేమో. ఒక కథ చెబుతాను, వినండి. ఇది నిజంగా జరిగిన కథ.

వంద సంవత్సరాలకు పైగా అయింది. బొంబాయిలో సలీం అలీ అనే కుర్రవాడు ఉండేవాడు. పుట్టింది 1896లో. చిన్నతనంలోనే తల్లీ తండ్రీ పోతే మేనమామ ఇంట్లో పెరిగాడు. ఆ మేనమామ వేటగాడు. పిల్లవాడికి కూడా ఒక గాలితుపాకి దొరికింది. ఇక పిచ్చుకల పని పట్టాడు! ఒకనాడు సలీం ఒక పిచ్చుకను కొట్టాడు. చేతిలోకి తీసుకుని చూస్తే, దాని మెడమీద పసుపురంగు మచ్చ ఉన్నది. రోజూ చూసే పిచ్చుకకు ఆ మచ్చ ఉండదు. "ఇదేం పిట్ట?" అని మేనమామను అడిగాడు. ఆయనకూ తెలియలేదు. "బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం అని ఉన్నది, అక్కడికి పోయి అడుగు" అని ఉత్తరం ఇచ్చి పంపాడు.

ఆ సంఘంలో మిల్లార్డ్ అనే దొర కార్యదర్శి. కుర్రవాడు భయపడుతూ, చచ్చిన పిట్టను కాగితంలో పెట్టుకుని పోయాడు. మిల్లార్డ్ అతన్ని కసరలేదు. ఇది పసుపు మెడ పిచ్చుక అని చెప్పాడు. సొరుగులు లాగి, అక్కడ భద్రపరిచిన వందలాది పక్షులను చూపించాడు. పైగా చదువుకొమ్మని కొన్ని పుస్తకాలు ఎరువిచ్చాడు. వాటిలో ఒకటి బొంబాయి చుట్టుపక్కల కనిపించే మామూలు పక్షులను గురించినది.

చూశారా! ఆ పుస్తకాలతో ఆ కుర్రవాడి జీవితమే మలుపు తిరిగింది. పెద్దయిన తరువాత ఆయన దేశమంతా తిరిగి పక్షులను పరిశీలించాడు. 1931, 32 సంవత్సరాలలో నిజాం రాజ్యంలోని పక్షులను లెక్క తీసినవారు ఆయనే. అప్పుడు మన జగిత్యాల కూడా ఆ రాజ్యంలోనిదే గదా! 1941లో ఆయన రాసిన భారతదేశపు పక్షుల పుస్తకం వచ్చింది. తరువాత ఎన్నోసార్లు అచ్చు అయింది. ఇవాళ్టికీ పక్షులను చూడబోయేవారి సంచిలో ఆ పుస్తకం కనిపిస్తుంటుంది. 1985లో ఆయన తన ఆత్మకథ రాస్తే, దాని పేరులో కూడా ఆ పిచ్చుకనే పెట్టుకున్నాడు.

ఇక మన పాలపిట్టను చూడండి. తెలంగాణ రాష్ట్ర పక్షి అది. దసరానాడు దాన్ని చూస్తే మంచిదని పొలాలవైపు పోతాం. తీగమీద కూర్చున్నప్పుడు మట్టిరంగులో సాదాగా ఉంటుంది. ఎగిరిందంటే రెక్కల్లోని నీలం తళుక్కుమంటుంది. ఇది అందరూ చూసేదే. కాని పుస్తకం చదివినవాడు ఇంకా రెండు సంగతులు చూస్తాడు. మొదటిది, అది తీగమీద ఊరికే కూర్చోదు. మిడతలకోసం, పురుగులకోసం నేలను కనిపెట్టుకుని ఉంటుంది. అంటే రైతుకు కూలి అడగని పాలేరు అన్నమాట. రెండవది, జతకట్టే కాలంలో అది ఆకాశంలో పల్టీలు కొడుతుంది. ఇంగ్లీషువారు దానికి 'రోలర్' అని పేరు పెట్టింది అందుకే. ఈ సంగతులు తెలిసినవాడు, పండుగనాడు డబ్బులకోసం దాన్ని పంజరంలో పెట్టి ఇంటింటికీ తిప్పేవారిని చూస్తే ఊరుకోగలడా? 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా అట్లా పట్టి బంధించటం నేరమనే అంటుంది. పాలపిట్టను పొలంలోకి పోయి చూడాలి. పంజరంలో చూస్తే ఏం పుణ్యం?

మూడో రకం, అడవి కథలు. ఇవి పెద్దలూ పిల్లలూ పోటీపడి చదివేవి. జిమ్ కార్బెట్ రాసిన కుమావూ పులుల పుస్తకం 1944లో వచ్చింది. చంపావత్ పులి అనే ఒక ఆడపులి మొత్తం 436 మందిని చంపిందని ఆయన రాశాడు. దాన్ని ఆయన 1907లో చంపాడు. ఇక్కడిదాకా వింటే అది వేటకథ. కాని కార్బెట్ అంతటితో ఆగలేదు. చచ్చిన పులి నోరు తెరిచి చూశాడు. కుడివైపు కోరలు పైదీ కిందిదీ విరిగి ఉన్నాయి. ఎవరో పూర్వం పేల్చిన తుపాకిగుండు దెబ్బ అది! కోరలు పోయిన పులి జింకను పట్టలేదు. పట్టలేక మనుషులమీద పడింది. మరికొన్ని పులులకు ఏదుపంది ముళ్ళు పాదాల్లో దిగి కుళ్ళి, అవి కుంటివై మనుషులను పట్టాయట. పులి పుట్టుకతో మనిషికి పగది కాదని ఆయన చెప్పాడు. చివరికి తుపాకికంటే కెమెరాను ఎక్కువ ప్రేమించాడు. ఆయన 1955లో పోయాడు. హిమాలయాల అడుగునున్న ఒక వనానికి ఆయన పేరు పెట్టారు.

ఈ వరుసలోనే బెంగాలీలో విభూతిభూషణ్ బందోపాధ్యాయ రాసిన నవల ఒకటి 1939లో పుస్తకంగా వచ్చింది. సూరంపూడి సీతారాంగారు దాన్ని "వనవాసి" పేరుతో తెలుగు చేశారు. ఉద్యోగం లేని ఒక పట్నపు యువకుడు అడవికి పోతాడు. అతని పని ఏమిటి? జమీందారు అడవిని ముక్కలు చేసి, సేద్యానికి కౌలుకు ఇవ్వటం. మొదట అడవి అతనికి తోచదు. పట్నం ఎప్పుడు పోదామా అని ఉంటుంది. మెల్లగా ఆ చెట్లూ, వెన్నెలా, అక్కడి బీదజనం అతన్ని కట్టిపడేస్తారు. కాని ఉద్యోగం ఉద్యోగమే. ప్రేమించిన అడవిని తన చేతులతోనే పంచి, కొట్టించవలసి వస్తుంది. ఇది పెద్దల నవల. పదో తరగతి దాటినవారు చదవండి. చిన్నవారికి తల్లిదండ్రులు చదివి కథగా చెప్పవచ్చు. ఆ యువకుడు చెడ్డవాడు కాడు. అయినా అడవి పోయింది. ఎందుకు పోయిందో ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి.

కొండలెక్కేవారికి కొండల పుస్తకాలూ ఉన్నాయి. మన పక్క నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు! భువనగిరి కొండరాతిమీద ఎక్కటం నేర్చుకున్న పిల్ల ఆమె. ఆమె కథ కూడా పుస్తకంగా వచ్చింది. మొదట ఎవరెస్టు ఎక్కిన ఇద్దరిలో ఒకడైన టెన్సింగ్ కథ 1955లోనే వచ్చింది. ఇందులో ఒక విశేషం ఉన్నది. టెన్సింగ్ ఎన్నో భాషలు మాట్లాడగలవాడే కాని రాయటం రానివాడు. తన కథను తాను చెబుతుంటే, ఉల్మన్ అనే అమెరికా రచయిత కూర్చుని రాసుకున్నాడు. చదువురానివాడి దగ్గర కూడా పెద్ద పుస్తకం ఉంటుంది. రాసుకునేవాడు ఉండాలి, అంతే!

ఈ మాట బాగా గుర్తు పెట్టుకోండి. దీనికి సంబంధించిన కథ మన తెలుగుదేశంలోనే మరొకటి ఉన్నది.

సుమారు నూట ఎనభై ఏళ్ళ క్రితం నెల్లూరులో జెర్డాన్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఉండేవాడు. రోగులను చూడగా మిగిలిన కాలమంతా ఆయనకు పక్షులతోనే సరి. తరువాత 1862 నుంచి 1864 వరకు భారతదేశపు పక్షులమీద పెద్ద గ్రంథం వెలువరించాడు. అందులో పక్షుల శాస్త్రీయ నామాల పక్కన హిందీ, తెలుగు, తమిళ పేర్లు కూడా రాశాడు. ఆ తెలుగు పేర్లు ఆయనకు ఎవరు చెప్పారు? అడవిలో తిరిగే మనవాళ్ళే చెప్పారు.

తూర్పు కనుమల దగ్గరి ముళ్ళపొదల్లో ఆయనకు కనిపించిన ఒక పక్షికి ఆయన పేరే వచ్చింది. మనవాళ్ళు దాన్ని కలివికోడి అంటారు. పగలు దాగి, రాత్రి నేలమీద పరుగెత్తే పిట్ట అది. 1900 తరువాత అది ఏ శాస్త్రవేత్తకూ కనిపించలేదు. ఇక ఆ జాతి నశించిందనే చాలామంది అనుకున్నారు. అయినా బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘంవారు ఆశ వదలలేదు. పుస్తకాల్లోని వర్ణనను బట్టి బొమ్మ వేయించి కడప ప్రాంతపు ఊళ్ళలో చూపించారు. "ఈ పిట్టను చూశారా?" అని అడిగారు. "చూశాం" అన్నవాళ్ళు దొరికారు! 1986 జనవరిలో, సిద్ధవటం దగ్గరి రెడ్డిపల్లెలో, పిట్టలు పట్టే ఒక గ్రామస్థుడు రాత్రిపూట దీపం వెలుతురులో దాన్ని పట్టి తెచ్చాడు. ఎనభై ఆరేళ్ళు కనిపించని పక్షి మళ్ళీ కనిపించింది. ఆ తరువాత ఆ ముళ్ళ అడవిని శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యంగా కాపాడసాగారు.

ఇప్పుడు చెప్పండి, ఆ పక్షిని కనిపెట్టింది పుస్తకమా, అడవి తెలిసినవాడా? పుస్తకం ఒక్కటే ఉంటే, అది అల్మారాలోని బొమ్మగా మిగిలిపోయేది. ఆ గ్రామస్థుడు ఒక్కడే ఉంటే, తనకు తెలిసిన పిట్ట విలువ ఇంతదని లోకానికి తెలిసేది కాదు. రెండూ ఒకచోట కలిసిన రోజున పని జరిగింది.

మన సారంగాపూర్ గుట్టల సంగతి కూడా ఇంతే. పుస్తకాల్లో ఉన్నది కొంత. మీ తాతల, అవ్వల నాలుకమీద ఉన్నది కొంత. ఎండాకాలం తెల్లవారకముందే లేచి తునికాకు తెంపి, యాభై ఆకులకొక కట్ట కట్టి, కల్లానికి చేర్చే అవ్వను అడగండి. ఏ ఆకు బీడీకి పనికి వస్తుంది, ఏది రాదు, ఏ వాలున చెట్టు బాగా చిగురిస్తుంది అనేది ఆమెకు చేతివేళ్ళలో ఉంటుంది. గొర్రెలు కాసే తాతను అడగండి. ఏ ఆకు మేస్తే గొర్రెకు కడుపు ఉబ్బుతుందో చెబుతాడు. గోదావరి ఒడ్డున వలవేసేవారిని అడగండి. ఏ నెలలో ఏ చేప ఎదురెక్కుతుందో చెబుతారు. ఇవన్నీ అచ్చు కాని పుస్తకాలు. అవ్వ పోయిన రోజున ఆ పుస్తకం కూడా పోతుంది. దాని రెండో ప్రతి ఎక్కడా దొరకదు.

అందుకని ఈ సెలవుల్లో ఒక పని చెయ్యండి. రెండు రూళ్ళ నోటుపుస్తకాలు కొనండి. ఒకదాని మీద "చూసినవి" అని రాయండి. గుట్టకు పోయినప్పుడు తేదీ, వేళ, చోటు, చూసిన చెట్టూ పిట్టా రాయండి. పేరు తెలియకపోతే ఖాళీ వదలండి. తోచిన పేరు పెట్టి నింపకండి. రంగు, ముక్కు, తోక, అరుపు ఎట్లా ఉన్నాయో మాత్రం రాయండి. పేరు తరువాత పుస్తకంలోనో, పెద్దల నోటనో దొరుకుతుంది. రెండో పుస్తకం మీద "విన్నవి" అని రాయండి. ఇంటి పెద్దలు చెప్పిన చెట్ల పేర్లు, పిట్టల పేర్లు, వాగుల పేర్లు వారు పలికినట్లే రాయండి. చెప్పినవారి పేరూ ఊరూ కింద రాయటం మరవకండి. వీరాస్వామయ్యగారు మజిలీ మజిలీకి చేసిన పని ఇదే.

జాగ్రత్తలు కూడా చెప్పాలి గదా! గుట్టకు ఒంటరిగా పోకండి. పెద్దవారిని వెంట తీసుకుపోండి. రాళ్ళ సందుల్లో చేతులు పెట్టకండి. గూళ్ళను తాకకండి, గుడ్లను తియ్యకండి. వానాకాలంలో వాగు నిండుగా ఉంటే దాటకండి, ఎదురుచూడండి. ఎదురుచూసేటప్పుడు చదువుకోవటానికి సంచిలో ఒక పుస్తకం ఉండనే ఉంటుంది.

తల్లిదండ్రులకు ఒక్క మాట. పిల్లవాడు గుట్టనుంచి దుమ్ముకాళ్ళతో వచ్చి, "అమ్మా, ఈ పిట్ట పేరేమిటి?" అని అడిగితే, "పరీక్షలో వస్తుందా అది?" అని కసరకండి. తెలిస్తే చెప్పండి. తెలియకపోతే, పచ్చమచ్చ పిచ్చుకను చూసి ఆ మేనమామ చేసినట్లు, తెలిసినవారి దగ్గరికి పంపండి. ఊరి గ్రంథాలయం తలుపు చూపించండి. పుస్తకం చేదన్న పిల్లవాడే, తాను చూసిన పిట్ట బొమ్మ ఏ పేజీలో ఉన్నదో వెతుక్కుంటూ పుస్తకమంతా చదివేస్తాడు.

సారంగాపూర్ గుట్టలలోని ప్రతి చెట్టునూ, ప్రతి పిట్టనూ, వాటి మన ఊరి పేర్లతో చెప్పే పుస్తకం ఇంకా నా చేతికి రాలేదు. అది రాయవలసినవారు బహుశా ఇప్పుడు ఆరో తరగతిలోనో ఏడో తరగతిలోనో ఉండి ఉంటారు. రేపు పొద్దున అవ్వ తునికాకుకు బయలుదేరేటప్పుడు వెంట పోండి. నోటుపుస్తకం మరిచిపోకండి.